మానేసినవాడి అగ్గిపెట్టె

నేను సిగరెట్లు మానేసింది నా ఆరోగ్యం కోసమేనని మూడేళ్ళపాటు నమ్మాను. నమ్మి ఊరుకుంటే బాగుండేది. నలుగురికీ చెప్పాను కూడా. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళని టీ బడ్డీ దగ్గర నిలబెట్టి, "మనిషి గట్టిగా అనుకోవాలే గానీ..." అని మొదలుపెట్టి, వాళ్ళ టీలు చల్లారిపోయేదాకా వదిలేవాణ్ణి కాదు. పొగ ఖాళీ చేసిన చోట పొగరు అద్దెకి దిగిందన్నమాట. అసలు సంగతి తెలిశాక ఆ ఉపన్యాసాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు చెవులు వేడెక్కుతాయి.

మొన్న మా ఆవిడ బీరువా సర్దుతూ నా పాత చొక్కా జేబులోంచి ఒక అగ్గిపెట్టె తీసింది. పైన బొమ్మ వెలిసిపోయింది. పుల్లలు సగం ఉన్నాయి.

"మీరు మానేసి ఎన్నేళ్ళయిందండీ?" అంది.

చెప్పాను.

"మరి ఇదేంటి?"

"అది నాది కాదు," అన్నాను. మళ్ళీ ఆలోచించుకుని, "నాదే. ఇలా ఇచ్చెయ్యి," అన్నాను.

ఆవిడకి అర్థమైపోయింది. "పోయినాయన మీద ఇంకా కోపమేనా?" అని నవ్వింది.

కోపమే. ఆయన పోయాడు గానీ ఆ కోపం పోలేదు. కాగితం మీద పెడితే కాస్త తగ్గుతుందేమోనని ఇది రాస్తున్నాను. తగ్గకపోతే ఇంకో కాగితం తీసుకుంటాను.

అప్పట్లో మా కాపురం నరసాపురంలో. నా గుమస్తా ఉద్యోగం గోదావరి అవతలి గట్టున. పొద్దున్నా సాయంత్రం పంటు మీద దాటాలి. రెండు పెద్ద పడవల్ని జతచేసి, పైన బల్లపరుపుగా చెక్కలు దిగ్గొడితే అదే పంటు. దాని మీద మనుషులు, మోటారుసైకిళ్ళు, చేపల బుట్టలు, ముహూర్తాల రోజుల్లో బ్యాండు మేళం, అన్నీ కలిసే దాటేవి. పొగతాగేవాళ్ళకి వెనక మూల ఒక చోటు ఉండేది. ఎవరూ రాసిపెట్టింది కాదు, గాలి చేసిన ఏర్పాటు. అక్కడ నిలబడితే పొగ ఎవరి మొహానా కొట్టకుండా నీళ్ళ మీదుగా పోయేది. ఆ మూలలోనే ఆయన నాకు తగిలాడు.

ఆయన లేసు ఏజెంటు. అవతలి ఊళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని అల్లిన లేసంతా పోగుచేసి, తెల్లటి దుప్పట్లో మూటకట్టి, సాయంత్రానికి నరసాపురం తెచ్చేవాడు. మనిషి సన్నం. పంచె తెలుపు, చొక్కా తెలుపు, మూట తెలుపు. అంత తెలుపు మధ్య నోట్లో నల్లగా లంక చుట్ట. గోదావరి లంకల్లో పండిన పొగాకు తెప్పించుకుని ఇంట్లో ఆయనే చుట్టుకున్నది, బొటనవేలంత లావుది. సిగరెట్టు ఆయన లెక్కలో పొగే కాదు. దాన్ని కాగితం అనేవాడు.

"ఏంటండీ గుమస్తాగారూ, ఇవాళ ఎన్ని కాగితాలు కాల్చారు? జేబులోవేనా, ఆఫీసులోవి కూడానా?"

ఆయన చుట్ట తాగే తీరు చూడాల్సిందే. మూట ఎడమ భుజం మీద. కుడిచెయ్యి పంటు కమ్మీ దాటి బారుగా నీళ్ళ మీదికి. చుట్ట ఆ చేతిలో అక్కడే ఉండేది. నోటి దగ్గరికి చుట్ట వచ్చేది కాదు, చుట్ట దగ్గరికే నోరు వెళ్ళేది. మెడ కొంగలా సాచి, ఒక దమ్ము లాగి, మళ్ళీ మెడ మూట దగ్గరికి తెచ్చుకునేవాడు. ఎందుకండీ ఈ అవస్థ అని అడిగితే, "పదిమంది ఆడాళ్ళ కళ్ళండి ఈ మూటలో ఉన్నయ్యి. ఒక్క రవ్వ పడిందంటే ఆరు నెలల చూపు కాలిపోద్ది," అనేవాడు.

ఆ భయంతోనే ఆయన అగ్గిపెట్టె దగ్గర పెట్టుకునేవాడు కాదు. నిప్పునీ లేసునీ ఒకే మనిషి మొయ్యకూడదని ఆయన సిద్ధాంతం. నిప్పు మోసేవాణ్ణి వేరే చూసుకోవాలి కదా. "నిప్పుందాండీ?" అన్నదే ఆయన నాతో అన్న మొదటి మాట. ఆ తర్వాత పన్నెండేళ్ళు, ఆదివారాలూ సెలవులూ పోను, రోజూ అదే మాట.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా వాసనని ఎవరాపగలరు? ఆయన మూట విప్పితే గుప్పున లంక పొగాకు కొట్టేది. ఆ లేసు సముద్రాలు దాటి వెళ్ళేదట. ఏ దేశంలోనో ఏ దొరసానిగారో పండగపూట భోజనాల బల్ల మీద మన నరసాపురం లేసు పరుచుకుని, ఇంట్లో చుట్ట ఎవరు తాగారని మొగుణ్ణి నిలదీసే ఉంటుంది.

మా పరిచయం గట్టిపడింది ఆ మూట మూలంగానే. ఒక ఆషాఢం సాయంత్రం అవతలి రేవులో పంటు కోసం చూస్తున్నాం. "గుమస్తాగారూ, ఒక్క నిమిషం ఈ మూట పట్టుకోండి, ఇప్పుడే వస్తా," అని నా చేతుల్లో పెట్టి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళడం, ఇటు వాన దిగడం ఒకేసారి జరిగాయి. ఉన్న ఒక్క పాక జనంతో కిక్కిరిసిపోయింది. నా గొడుగు మూటకి పట్టి నేను తడిశాను. ఒక పంటు వచ్చి వెళ్ళిపోయింది. రెండోదీ వెళ్ళిపోయింది. గంటన్నరకి ఆయన వచ్చాడు. ఏ ఇంట్లోనో పీటేసి కూర్చోబెట్టి పకోడీలు పెట్టినట్టున్నారు, మూతి ఇంకా నూనెగా ఉంది.

"ఇంకా పట్టుకునే ఉన్నారా అండీ!" అన్నాడు.

"మీరేగా పట్టుకోమన్నారు."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. సంతలో ఎద్దుని చూసే చూపు. పళ్ళు మాత్రమే చూడలేదు. ఆ చూపుకి అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తర్వాత కొన్ని నెలలకి ఆయన పంటు మీద కనపడ్డం మానేశాడు. వాళ్ళావిడకి రాజమండ్రిలో పెద్ద ఆపరేషనన్నారు. నెల దాటాక తిరిగొచ్చాడు. చుట్ట మారలేదు, మెడ సాచడం మారలేదు. మారింది ఒక్కటే. ఉన్నట్టుండి నా ఒంటి మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది.

"ఆ దగ్గేంటండీ?"

"నేను దగ్గలేదండీ."

"ఇప్పుడు దగ్గలేదు. నిన్న దగ్గారు."

మర్నాడు గోళ్ళు చూపించమన్నాడు. చూసి, పసుపుపచ్చగా ఉన్నాయని నాలుక చప్పరించాడు. ఆ మర్నాడు, "మీ అమ్మాయికి ఎన్నో ఏడండీ?" అన్నాడు. ఆరో ఏడన్నాను. "దాని పెళ్ళి మీ చేతుల మీదుగా చేద్దామనుందా, లేదా?" అన్నాడు, చుట్ట పొగ గాలి తిరిగి నా మొహానికే కొడుతుండగా.

ఇంకొకడైతే ముందు మీ చుట్ట సంగతి చూసుకోండి అనేవాడు. నాకు కళ్ళు చెమర్చాయి. మా నాన్న పోయాక నా గోళ్ళు చూసిన మనిషి ఇంకొకరు లేరు. బయటివాడికి నా మీద ఇంత ప్రేమా అనుకున్నాను. చెప్పానుగా, అంత తెలివి నాది.

చివరికి ఒకరోజు పంటు నడి గోదావరికి వచ్చేసరికి ఆయన భుజం మీది మూట దింపి చెక్కల మీద పెట్టాడు. ఆ మూట నేలకి ఆనడం అంతకుముందు నేను చూడలేదు.

"పెట్టె ఇవ్వండి," అన్నాడు.

ఇచ్చాను. ఇంకా ఏడు సిగరెట్లున్నాయి.

"ఇంక తాగనని చెప్పండి."

"తాగను."

"అలాక్కాదండి. పేరు, ఇంటిపేరుతో చెప్పండి. గోత్రం కూడా."

"సిగరెట్లకి గోత్రమెందుకండీ?"

"పద్ధతండీ బాబూ, చెప్పండే."

చెప్పాను. నది మధ్యలో, పక్కన బ్రేకు లేని లూనా పట్టుకుని ఒకాయన వింటుండగా, పెళ్ళిపీటల మీద చెప్పినట్టు మూడూ చెప్పాను. ఆయన పెట్టెని నీళ్ళలోకి గిరాటేసి, కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. గోదావరికి దణ్ణం పెడుతున్నాడనుకున్నాను. అయితే ఆ దణ్ణం నది పారే వైపు లేదు, మేము వచ్చిన వైపూ లేదు, వెళ్ళే వైపూ లేదు. ఈశాన్యం మూలకి ఉంది. పోనీలే, పెద్దవాడు, దిక్కు తప్పుంటుందనుకున్నాను.

ఇంక దేనికని అగ్గిపెట్టె కూడా తీసి విసరబోయాను. చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"అదెందుకండీ పారెయ్యడం? నేను దేంతో వెలిగించుకోను?"

"మానేసినవాడి దగ్గర అగ్గిపెట్టె ఎందుకుంటుందండీ?"

"మీరు మానింది సిగరెట్టండి. అగ్గిపెట్టె మానమని మిమ్మల్నెవరన్నారు?" అని, మెడ నీళ్ళ మీదికి సాచి, నా చేత పుల్ల గీయించుకుని, అప్పటికప్పుడే చుట్ట ముట్టించాడు. మొదటి దమ్ము వదిలి, పంటంతా వినపడేలా అరిచాడు. "వీరు మానేశారండోయ్!"

బ్యాండు మేళం ఉండుంటే వాయించేవాళ్ళే.

ఆ రోజు నుంచి పంటు మొత్తం నాకు కాపలా. చేపల బుట్టల మామ్మ దూరం నుంచే, "ఏం బాబూ, ఇంకా మానేసే ఉన్నావా?" అని కేకేసేది. టిక్కెట్లు కోసేవాడు నా దగ్గరికొచ్చినప్పుడల్లా ముక్కు ఎగబీల్చి వాసన చూసేవాడు. మానడం నా సొంత వ్యవహారమన్న మాట అందరూ మరిచిపోయారు.

మానేశాక మనిషికి రెండు చేతులు ఎక్కువవుతాయి. వాటినేం చెయ్యాలో ఎవరూ చెప్పరు. కాఫీ తాగాక కుడిచెయ్యి దానంతటదే జేబు దగ్గరికి వెళ్ళి, ఖాళీ జేబు తడిమి, అవమానపడి తిరిగొచ్చేది. లవంగాలు నమిలాను, వేరుశనక్కాయలు ఒలిచాను, జీళ్ళు తిన్నాను. జీళ్ళకి పన్ను ఒకటి ఊడింది. పోయిన వాసనలన్నీ ముక్కుకి తిరిగొచ్చాయి. రేవులో ఎండుచేపలూ, పంటు డీజిలూ, మా సూపరింటెండెంటు తలనూనే. పొగతాగే రోజుల్లో వీటన్నిటికీ భగవంతుడు పొగ అడ్డంపెట్టి నన్ను కాపాడాడని అప్పుడు తెలిసింది. ఆ నెలలో మా ఆవిడతో మూడుసార్లు పోట్లాడాను, మూడుసార్లూ కూరలో ఉప్పు గురించే. పొగతాగినన్నాళ్ళూ కూరలో ఉప్పు ఉంటుందనే నాకు తెలీదు.

అసలు కష్టం పంటు మీద. వెనక మూల నాకు చోటు పోయింది. ముందువైపుకి వెళ్ళి పొగతాగనివాళ్ళ మధ్య నిలబడి చూశాను. వాళ్ళ మాటలన్నీ షుగరు, బీపీ, మోకాళ్ళు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఇన్ని జబ్బుల గురించి మాట్లాడుకుంటారని నాకప్పటిదాకా తెలీదు. నాలుగు రోజుల్లో మళ్ళీ వెనక మూలకే చేరాను. అదే ఆయనకీ కావాల్సింది.

"నిప్పుందాండీ?"

ఉండేది. పుల్లలు అయిపోతే కొత్తది నేనే కొనేవాణ్ణి. మా వీధి కిళ్ళీకొట్టతను, "మానేశారన్నారు?" అనేవాడు. మానేశాననేవాణ్ణి. "మరి అగ్గిపెట్టో?" "వేరేవాళ్ళకి." నా వైపు జాలిగా చూసి ఇచ్చేవాడు. ఒకసారి వానకి పెట్టె తడిసిపోయి పుల్ల అంటుకోలేదు. ఆయన నా మీద కోప్పడ్డాడు. "అంత అజాగ్రత్తయితే ఎలాగండీ! బాధ్యత ఉండాలి!" అన్నాడు. నేను తలొంచుకుని, రేపణ్ణుంచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటానన్నాను. పెట్టుకున్నాను కూడా.

ఇలా మూడేళ్ళు గడిచాక ఒక ఆదివారం పొద్దున వాళ్ళావిడ మా ఇంటికి వచ్చింది. బక్కపల్చటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు. కుర్చీలో కూర్చోగానే సంచీలోంచి లేసు సూది తీసి అల్లడం మొదలుపెట్టింది. ఆ చేతులు మాట్లాడుతున్నా ఆగవు. మా టీవీ మీదికని ఒక లేసు గుడ్డ తెచ్చింది, గుప్పున చుట్ట వాసనతో. దాంతోపాటు విస్తరాకులో కట్టిన అన్నవరం ప్రసాదం.

"తీసుకోండి బాబూ. మీ చలవ వల్లే ఏటా కొండెక్కుతున్నాను," అంది.

"నా చలవేంటి పిన్నిగారూ?"

"అదేంటి, ఆయన చెప్పలేదూ? ఆపరేషనప్పుడు డాక్టర్లు ఏమీ చెప్పలేమనేశారంట. ఈయన వరండాలో నిలబడి సత్యనారాయణస్వామికి మొక్కుకున్నారు. నేను బతికి బయటపడితే రేవులో గుమస్తాగారి చేత పొగ మాన్పిస్తానని."

నా చేతిలో ప్రసాదం చేతిలోనే ఉండిపోయింది. "నా చేతా?"

"ఆయ్. అప్పటికి మీ ఇంటిపేరు తెలీదుగా, గుమస్తాగారనే మొక్కుకున్నారు. తర్వాత పేరూ గోత్రం కనుక్కుని విన్నవించుకున్నారు. ఏటా ఆ రోజుకి వెళ్ళి వ్రతం చేయించుకుని, ఆయన ఇంకా మానేసే ఉన్నారు స్వామీ అని చెప్పుకుని వస్తాం. ఈసారి కూడా చెప్పొచ్చాం." సూది ఒక్క క్షణం ఆగింది. "మీరు మాత్రం జాగ్రత్తండి బాబూ."

ఆవిడ వెళ్ళాక మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను వెనకాలే వెళ్ళి, ఇందులో నవ్వేదేముందని అడిగాను.

"పోనిద్దురూ. ఎవరి మొక్కైతేనేం, మీ దగ్గు తగ్గింది."

"నాకు దగ్గే లేదు!"

మూడేళ్ళు. మూడేళ్ళు నా సంకల్పబలమని ఊరేగింది ఇంకొకళ్ళ ముడుపట! నా గోళ్ళూ నా దగ్గూ నా కూతురి పెళ్ళీ ఏవీ ఆయనకి పట్టలేదట! ఏటా నా పేరున కొండ మీద రిపోర్టు వెళుతోంది, నాకు మాత్రం తెలీదు. పంటు మీద ఈశాన్యానికి పెట్టిన ఆ దణ్ణం కూడా అన్నవరం కొండకే! ఆ రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లాను.

మర్నాడు పంటు ఎక్కగానే, ఆయనింకా నోరు తెరవకముందే నిలదీశాను.

"మీ మొక్కుకి నా సిగరెట్లు ఎలా పెట్టారండీ?"

ఆయనేం కంగారుపడలేదు. "చెప్పేసిందా?" అన్నాడు.

"మొక్కుకున్నది మీరు. మానితే మీ చుట్ట మానాలి."

"అలాగని ఎక్కడుందండీ? పిల్లాడికి జొరం తగ్గితే తలనీలాలిస్తానని తల్లి మొక్కుకుంటది. గుండు ఎవరికి చేయిస్తారు? పిల్లాడికేగా. తల్లికి చేయిస్తారా?"

"నేను మీ పిల్లాణ్ణా?"

"మీరలా అనుకోకపోతే నేనేం చేస్తానండీ."

"నేనెవరండీ మీకు? పంటులో పక్కన నిలబడేవాణ్ణి. మీవాళ్ళెవరూ దొరకలేదా?"

"మా బావమరిది ఉన్నాడు. రోజుకి రెండు కట్టలు బీడీలు తాగుతాడు. వాడి మీద పెట్టుంటే మా ఇంటిది ఈపాటికి..." అని ఆగిపోయాడు. చుట్ట తీసి, మెడ సాచాడు. "నిప్పుందాండీ?"

ఇచ్చాను. ఒళ్ళంతా మంటగా ఉన్నా ఆయనకి కావలసిన మంట విడిగా గీసి ఇచ్చాను.

ఆ మధ్యాహ్నం ఆఫీసు దగ్గర కొట్టులో ఒక్క సిగరెట్టు కొన్నాను. ఏటిగట్టు దిగి, ఎవరూ లేనిచోట కొబ్బరిచెట్ల కింద నిలబడ్డాను. ఇది నా ఊపిరి, నా ఇష్టం అనుకున్నాను. సిగరెట్టు పెదాల మధ్య పెట్టాను. మూడేళ్ళ తర్వాత కూడా పెదవులు దాన్ని ఎంత మర్యాదగా పట్టుకున్నాయో! అగ్గిపెట్టె ఎలాగూ ఉంది. గీశాను.

నేను అంత భక్తుణ్ణి కాను. దేవుడు మా పంటు టిక్కెట్లవాడిలా నా నోటి వాసన చూస్తాడని అనుకోను. కానీ ఆ మంట వైపు చూస్తుంటే ఆవిడ చేతులు గుర్తొచ్చాయి. సూది ఆగిన ఆ ఒక్క క్షణం గుర్తొచ్చింది. వెలిగిస్తాను, సరే. రేపో మాపో ఆవిడకి మామూలు జ్వరమే రానీ, ఆ మంచం పక్కన నేనెలా నిలబడతాను? ఈ పుల్ల ఆ మంచం దాకా వెళ్ళదని నాకు నేను ఎలా చెప్పుకుంటాను? అలా ఆలోచిస్తూనే ఉన్నాను, పుల్ల అయిపోయి వేలు చురుక్కుమంది. సిగరెట్టు నలిపి ఏట్లోకి విసిరేశాను. ఆయన మీద కసి పది రెట్లయింది. నాకు నచ్చినట్టు చెడిపోయే హక్కు కూడా నాకు మిగల్చలేదు ఆ మనిషి.

సాయంత్రం పంటు మీద మామూలుగానే, "నిప్పుందాండీ?" అన్నాడు. పుల్ల గీయడానికి చెయ్యి చాపాను. వేలి మీద బొబ్బ చూశాడు. చూసి, చేతిలో చుట్ట దింపేశాడు.

"ముట్టించారా?"

"లేదు."

"పొగ లోపలికెళ్ళిందా?"

"లేదన్నానుగా!"

"నిజం చెప్పండి బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "పెదాల దాకా వెళ్ళింది. వెలిగించలేదు. మీ మీద కోపంతో కొన్నాను, పిన్నిగారి మొహం చూసి పారేశాను. చాలా?" అన్నాను.

ఆయన రెండు చేతులా కమ్మీ పట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు. "నేను ఎన్నిసార్లు మానేనో మీకు తెలీదండి. నాలుగో రోజు ముట్టిస్తాను. ఎప్పుడూ నాలుగో రోజే. ఆ డాక్టరు అలా చెప్పగానే మొక్కుకుందామని చేతులెత్తానండి. ఎత్తాక భయమేసింది. నాలాంటోడి మాట మీద దాని ప్రాణం పెడతానా? మాట మీద నిలబడే మనిషెవడున్నాడా అని వెతుక్కున్నాను. వానలో మూట పట్టుకుని నిలబడ్డ మీరు గుర్తొచ్చారు."

ఏం చెప్పమంటారు? తిట్టాలని వచ్చినవాణ్ణి ఇలా పొగిడేస్తే కోపం ఎక్కడ పెట్టుకోవాలి? పొగ లేకుండా చేసి పొగడ్తతో సరిపెట్టాడు. ఆ సాయంత్రం ఆయన చుట్ట జేబులో పెట్టేసుకున్నాడు. నాకు తెలిసి ఆయన తనంతట తాను చుట్ట ముట్టించకుండా గోదావరి దాటింది ఆ ఒక్కసారే. నేను లోపల్లోపల కాస్త మెత్తబడ్డాను కూడా.

మర్నాడు పొద్దున రేవులో అడుగుపెట్టానో లేదో, "నిప్పుందాండీ?"

ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు ఆయనకి నిప్పందించాను. పోయింది కూడా చుట్ట వల్ల కాదు. పచ్చకామెర్లు. ఊపిరితిత్తులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయన్నారట డాక్టరు. అది విన్నప్పుడు నా ఒళ్ళు ఎలా మండి ఉంటుందో మీరే ఊహించుకోండి. చూశారా, నేను చెప్పలేదూ అనే సంతృప్తి కూడా ఆ మనిషి నాకు దక్కనివ్వలేదు.

పెద్దకర్మకి వెళ్ళాను. రేవుకి ఎగువన, గట్టు మీద పిండం పెట్టారు. చుట్టూ ఆయనకి ఇష్టమైనవన్నీ సర్దారు. సున్నుండలు, పనసపొట్టు కూర, ఆవడలు. దూరంగా జరిగి అందరం కాకి కోసం నిలబడ్డాం. కాకి వచ్చింది. కొబ్బరిమట్ట మీద వాలి, తల పక్కకి వంచి చూసింది గానీ దిగలేదు. అరగంటయింది. వాళ్ళబ్బాయి, "అమ్మని బాగా చూసుకుంటాం నాన్నా," అన్నాడు. కాకి కదల్లేదు. బావమరిది బీడీలు మానేస్తానన్నాడు. అది ఎవరూ నమ్మలేదు, కాకి కూడా నమ్మినట్టు లేదు. ఎండ మాడ్చేస్తోంది. ఆయన కోరిక ఏం మిగిలిపోయిందోనని ముసలమ్మలు గుసగుసలాడుతున్నారు. ఆవిడ తడిసిన కళ్ళద్దాలతో ఆ మట్ట వైపే చూస్తోంది. ఇంకాసేపుంటే పడిపోయేలా ఉంది.

"చుట్ట పెట్టండర్రా!" అన్నాడు వెనకనుంచి ఒక పెద్దాయన.

అప్పుడు తట్టింది అందరికీ. ఇంట్లోంచి ఆయన చుట్టుకున్న చుట్టే ఒకటి తెప్పించారు. వాళ్ళబ్బాయి తీసుకోబోతుంటే ఆవిడ ఆపింది.

"గుమస్తాగారి చేత పెట్టించండి. ఆయనకి అలవాటైన చెయ్యి," అంది.

చుట్ట తీసుకుని వెళ్ళాను. ఆకు పక్కన పెట్టాను. బొటనవేలంత లావు, అదే వాసన.

"వెలిగించి పెట్టండి బాబూ," అన్నారు పంతులుగారు. "ఎవరి దగ్గరైనా అగ్గిపెట్టుందా?"

అందరూ జేబులు తడుముకున్నారు. బావమరిది కూడా, ఇప్పుడే మానేస్తానన్నాడు కనక, చేతులు ఖాళీగా చూపించాడు. అందరి చూపులూ నా మీద పడ్డాయి. నా చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవరులో భద్రంగా, సగం పుల్లలతో అగ్గిపెట్టె ఉంది. గుండెకి గట్టిగా తగులుతోంది.

"మానేసినవాడి దగ్గర అగ్గిపెట్టె ఎందుకుంటుందండీ?" అన్నాను.

ఈసారి కాదనేవాళ్ళు ఎవరూ లేరు. వెనక్కి నడిచి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాను. కాకి మట్ట మీంచి దిగింది. పిండం ముట్టింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. కాకి సున్నుండ వైపు చూడలేదు, ఆవడ వైపు చూడలేదు. ఆ చుట్టని ముక్కున కరుచుకుని, మెడ సాచి, గోదావరి మీదికి ఎగిరింది. రేవులోంచి అప్పుడే బయల్దేరుతున్న పంటు చుట్టూ, ఆ వెనక మూల మీదుగా, రెండుసార్లు తిరిగింది.

తిరగనీ అనుకున్నాను. జేబు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాను.